హాజరు కథ: పేరు పిలుపు నుంచి కార్డు దాకా

ఈ ఏడు జూన్‌లో బడి తెరిచినప్పుడు మా గేటు లోపలి గోడకు అరచేయంత నల్ల పెట్టె ఒకటి కనిపించింది. ఒక కంపెనీ వాళ్లు ఉచితంగా పెట్టించారు. మెడలోని కార్డు దాని ముందు చూపిస్తే 'బీప్' అంటుంది, పచ్చలైటు వెలుగుతుంది, ఇంటికి ఇంగ్లీషులో మెసేజ్ పోతుంది. మా అమ్మకు చదవడానికి తెలుగొక్కటే వచ్చు. "ఏం రాసినార్రా ఇందులో?" అని నన్నే అడుగుతుంది.

చరిత్ర వ్యాసం రాయమని సార్ అన్నప్పుడు రాజుల గురించి కాదు, ఈ పెట్టె గురించి రాస్తానన్నాను. కారణం తర్వాత చెప్తాను.

హాజరు అనే మాట అరబ్బీది, ఉర్దూ మీదుగా మనకొచ్చింది. తమిళంలో కూడా కోర్టులో 'ఆజర్' అంటారు. ఎదుట ఉండటం అని అర్థం. మనిషి ఎదుట ఉన్నాడని మెషిన్ చేత చెప్పించడం పనివాళ్లతో మొదలైంది. 1888లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో విల్లార్డ్ బండీ అనే నగల వ్యాపారి ఒక గడియారం చేశాడు. ఒక్కో పనివాడికి ఒక్కో నంబరు తాళంచెవి. అది పెట్టి తిప్పితే నంబరూ టైమూ కాగితం మీద పడతాయి. ఆయన కంపెనీయే తర్వాత వేరే కంపెనీలతో కలిసి ఐబీఎం అయింది. హోసూరులో మా నాయన షిఫ్టుకు పోయేటప్పుడు చేసే 'పంచింగ్' దాని మనవడే అనుకోవచ్చు.

మా కార్డులో బ్యాటరీ లేదు. విరిగిన కార్డు ఒకటి విప్పి చూశాను. చుట్టలుగా సన్నని రాగితీగ, దానికి ఆవగింజంత చిప్పు, అంతే. గోడ మీది పెట్టె రేడియో తరంగాలు పంపుతుంది. వాటివల్ల తీగలో కొంచెం కరెంటు పుడుతుంది. ఆ కరెంటుతో చిప్పు మేలుకొని తన నంబరు చెబుతుంది. ఆ నంబరు ఎవరిదో కంప్యూటర్ చూసుకుంటుంది. దీన్నే రేడియో ఫ్రీక్వెన్సీ ఐడెంటిఫికేషన్, అంటే ఆర్ఎఫ్ఐడీ అంటారు.

ఇలా బ్యాటరీ లేకుండా బయటి తరంగాలతో పనిచేసే వస్తువు కథ ఒకటి నాకు బాగా నచ్చింది. 1945లో మాస్కోలో సోవియట్ బడిపిల్లలు అమెరికా రాయబారి హారిమన్‌కు చెక్కతో చెక్కిన అమెరికా ముద్రను కానుకగా ఇచ్చారు. ఆయన దాన్ని ఇంట్లో గోడకు తగిలించుకున్నారు. లోపల లియోన్ థెరెమిన్ తయారుచేసిన పరికరం ఉంది. బయటినుంచి తరంగాలు పంపితే గదిలోని మాటలు వాటితో పాటు వెనక్కి వచ్చేవి. 1952 దాకా ఎవరూ కనిపెట్టలేదు! పిల్లల చేతుల మీదుగా పోయింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదేమో.

1973లో చార్లెస్ వాల్టన్ అనే అమెరికా ఇంజనీరు తాళంచెవి లేకుండా కార్డుతో తలుపు తెరిచే పద్ధతికి పేటెంట్ పొందాడు. తర్వాత అది బస్సు కార్డులకు, మెట్రోకు, మన టోల్‌గేట్ దగ్గర ఫాస్టాగ్‌కు పాకింది. బడికి కూడా వచ్చింది. 2005 జనవరిలో కాలిఫోర్నియాలోని సట్టర్ అనే చిన్న ఊళ్లో బ్రిటన్ ఎలిమెంటరీ స్కూల్ పిల్లల మెడలో ఈ కార్డులు వేసింది. రీడర్లు తరగతి తలుపుల మీద పెట్టారు, బాత్‌రూముల దగ్గర కూడా! మా పిల్లలేమైనా పశువులా అన్నట్టు తల్లిదండ్రులు తిరగబడ్డారు. ఫిబ్రవరిలోనే అన్నీ తీసేశారు. 2012లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో రెండు బడులు మొదలుపెట్టాయి. అక్కడ హాజరును బట్టి బడికి డబ్బు వస్తుంది. పేరు పిలిచేటప్పుడు సీట్లో లేకపోయినా, ఆవరణలో ఉన్నవాళ్లను కార్డుతో లెక్కలోకి తేవాలని వాళ్ల ఆశ. ఒక విద్యార్థిని వేసుకోనని కోర్టుకెక్కి ఓడిపోయింది. అయినా 2013లో బడివాళ్లే ఆపేశారు.

తలల లెక్క మాకూ ముఖ్యమే. పదో తరగతి తెలుగు మీడియంలో మేం 17 మందిమి. ఇంకా తగ్గితే సెక్షన్ ఉంటుందో లేదోనని పెద్దవాళ్ల దిగులు.

ఇక నా సంగతి. ఆగస్టులో నా స్నేహితుడు వాడి కార్డు నా చేతిలో పెట్టి "నాలుగు రోజులు నాదీ చూపించరా" అన్నాడు. వాళ్ల నాయన మోపెడ్ మీదినుంచి పడి కాలు విరిగింది. వీడు రోజా తోటలో పూలు కోసే పనికి పోతున్నాడు. ఆ వారం మా క్లాస్ టీచర్ ట్రైనింగ్‌కు పోయారు. బదులు వచ్చిన మిస్ ఆఫీసులో తీసిన లిస్టు చూసి సంతకం పెట్టేవారు. నేను రోజూ రెండు బీప్‌లు కొట్టాను.

మొదట తెలుసుకున్నది వంట ఆయమ్మ. "పదో క్లాసులో దినామూ ఒక గుడ్డు మిగులుతాందే, ఎవరు రాలేదు?" అంది. నేను ప్లేటు కడుక్కుంటూ పలకలేదు.

శుక్రవారం సార్ తిరిగొచ్చారు. పాత అలవాటు కొద్దీ రిజిస్టర్ తెరిచి పేర్లు పిలిచారు. వాడి పేరు పిలిచాక క్లాసంతా నిశ్శబ్దం. మళ్లీ పిలిచారు. నా జేబులో వాడి కార్డు ఉంది. లేచి నిలబడి చెప్పేశాను. కొడతారనుకున్నాను. "వాళ్ల ఇల్లు చూపించు" అన్నారు. సాయంత్రం ఇద్దరం సైకిల్ మీద పోయాం. వాళ్ల అమ్మ ఫోన్‌లో నాలుగు ఇంగ్లీషు మెసేజ్‌లు తెరవకుండానే ఉన్నాయి.

సోమవారం నుంచి వాడు తెల్లవారుజామున పూలు కోసి, ఒక పీరియడ్ ఆలస్యంగా వస్తున్నాడు. హెడ్మాస్టర్ ఒప్పుకున్నారు. కార్డు చూపిస్తాడు, లోపలికి వచ్చి "ఉన్నాను సార్" అంటాడు. సార్ ఇప్పుడు రోజూ పేర్లు పిలుస్తున్నారు. మెషిన్ లెక్కలో ఆ నాలుగు రోజులూ వాడు హాజరే. రిజిస్టర్‌లో మాత్రం సార్ నన్ను పక్కన నిలబెట్టుకొని ఎర్ర ఇంకుతో నాలుగు గైర్హాజరులు వేశారు.