తెలివి ఒంటరిదైనప్పుడు

1995 మార్చి 20, సోమవారం పొద్దున ఎనిమిది గంటల వేళ. టోక్యో భూగర్భ రైళ్లు ఆఫీసులకు వెళ్లేవాళ్లతో కిక్కిరిసి ఉన్నాయి. మూడు లైన్లలో, ఐదు రైళ్లలో, ఐదుగురు మనుషులు న్యూస్‌పేపర్లో చుట్టిన ప్లాస్టిక్ సంచులను కాళ్ల దగ్గర జారవిడిచి, ముందే మొనదేల్చి తెచ్చుకున్న గొడుగు కొనతో పొడిచి, స్టేషన్ రాగానే దిగిపోయారు. సంచుల్లోంచి కారింది సారిన్ అనే విషం. పదమూడు మంది చనిపోయారు. పాతికేళ్లు మంచానికే అంకితమైపోయిన ఒకావిడ 2020లో కన్నుమూయడంతో ఆ లెక్క పద్నాలుగైంది. ఆరు వేల మందికి పైగా అస్వస్థులయ్యారు.

సంచులు పొడిచిన ఐదుగురిలో ఒకరు పేరున్న గుండె శస్త్రవైద్యుడు. ఒకరు టోక్యో విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చదివినవాడు. ఇంకొకరు వాసెదా విశ్వవిద్యాలయంలో అప్లైడ్ ఫిజిక్స్ క్లాసులో మొదటివాడు. మిగతా ఇద్దరూ సాంకేతిక విద్య చదివినవాళ్లే. చదవేస్తే ఉన్న మతి పోయిందని మనవాళ్లు ఇలాంటి చోట ఒక్క ముక్కలో తేల్చేస్తారు. జపాన్ పత్రికలు మాత్రం నెలల తరబడి ఒకే ప్రశ్న పట్టుకుని వేలాడాయి: ఇంత చదువుకున్నవాళ్లు ఒక మామూలు మోసగాణ్ణి ఎలా నమ్మారు?

నాకు ఈ ప్రశ్నే కొంచెం వంకరగా కనిపిస్తుంది. తర్కం అనేది తల లోపల కాపలా కాసే మనిషి అనీ, వాడు గట్టివాడైతే దొంగ సిద్ధాంతాలు లోపలికి రావనీ ఈ ప్రశ్న ముందే ఒప్పేసుకుంటోంది. మనసులు ఎలా లొంగిపోతాయన్న విషయం మీద గత డెబ్భై ఏళ్లలో పోగైన అనుభవం చూస్తే కథ వేరేలా ఉంది.

ఆ అనుభవం మొదలైంది కొరియా యుద్ధంతో. 1950లో ఎడ్వర్డ్ హంటర్ అనే అమెరికన్ పాత్రికేయుడు 'బ్రెయిన్‌వాషింగ్' అన్న మాటను పత్రికలకెక్కించాడు. యుద్ధం ముగిశాక చైనా చేతుల్లో బందీలుగా ఉన్న అమెరికన్ సైనికుల్లో 21 మంది ఇంటికి రామన్నారు. అమెరికాకు అది మింగుడుపడలేదు. మావాళ్ల బుర్రలు కడిగేశారు అనుకుంటే ప్రాణానికి హాయి. సైనికుడి తప్పూ లేదు, దేశం తప్పూ లేదు. ఆ బుర్ర కడిగే మందేదో మనమూ కనిపెడదామని సీఐఏ 1953లో 'ఎంకే అల్ట్రా' పేరుతో రహస్య ప్రయోగాలకు దిగి, ఏమీ తెలియని మనుషులకు ఎల్‌ఎస్‌డీ కూడా తాగించింది. అలాంటి మందు దొరకలేదు.

అదే కాలంలో రాబర్ట్ జే లిఫ్టన్ అనే యువ మనోవైద్యుడు హాంకాంగ్‌లో కూర్చుని, చైనాలో 'ఆలోచనా సంస్కరణ'కు గురై బయటపడ్డవాళ్లతో ఓపిగ్గా మాట్లాడాడు. పాతికమంది పాశ్చాత్యులు, పదిహేను మంది చైనీయులు. 1961లో వచ్చిన అతని పుస్తకంలో మాయమంత్రాలేమీ లేవు. బయటి వార్త చెవిన పడకుండా చేయడం, పదే పదే తప్పులు ఒప్పించడం, లోకాన్ని మనవాళ్లు, పరాయివాళ్లు అని రెండు ముక్కలు చేయడం, ఆలోచనకు బదులు నాలుగు నినాదాలు నోట్లో పెట్టడం. ఇవన్నీ కలిసి పనిచేస్తాయి. అందులోంచి బయటికొచ్చి నలుగురిలో పడ్డాక మాత్రం చాలామందిలో ఆ ప్రభావం మెల్లగా పలచబడింది. నా దృష్టిలో ఆ పుస్తకంలో అన్నిటికన్నా విలువైన సంగతి ఇదే. జనం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

దీనికి జోడీగా పెట్టుకోవాల్సింది సాలమన్ ఆష్ 1951లో ప్రచురించిన ప్రయోగం. ఒక కార్డు మీద ఒక గీత, ఇంకో కార్డు మీద మూడు గీతలు. మొదటిదానితో సమానమైనది ఏదో చెప్పాలి. చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. గదిలో ఉన్నవాళ్లలో ఒక్కడు తప్ప అందరూ ముందే కూడబలుక్కున్నవాళ్లు; ధీమాగా తప్పు జవాబు చెబుతారు. ఆ ఒక్కడు తన కళ్లను నమ్ముతాడా, గుంపునా? దాదాపు మూడో వంతు జవాబుల్లో గుంపే గెలిచింది. ఈ సంగతి అందరూ చెప్పుకుంటారు. కానీ ఆష్ దాంట్లో ఒక చిన్న మార్పు చేసి చూశాడు. గుంపులో ఒకే ఒక్కడి చేత సరైన జవాబు చెప్పించాడు. అంతే, తప్పులు మునుపటివాటిలో నాలుగో వంతుకు పడిపోయాయి. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని మనం వెక్కిరిస్తాం గానీ, ఆ ఉలిపికట్టె పక్కన ఇంకొకరు నిలబడ్డారా లేదా అన్నదే అసలు లెక్క.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో 1978 నవంబర్ 18న గయానా అడవుల్లోని జోన్స్‌టౌన్‌లో తేలింది. 1950లలో ఇండియానాపొలిస్‌లో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ పక్కపక్కన కూర్చునే చర్చి పెట్టి మంచిపేరు తెచ్చుకున్న జిమ్ జోన్స్, కాలిఫోర్నియా మీదుగా తన వెయ్యిమంది భక్తులను ఈ అడవికి చేర్చాడు. ఆ సాయంత్రం అందరినీ చనిపోదామని పిలిచినప్పుడు టేపు రికార్డరు నడుస్తూనే ఉంది. క్రిస్టీన్ మిల్లర్ అనే అరవై ఏళ్ల నల్లజాతి స్త్రీ లేచి మాట్లాడిన మాటలు ఆ టేపులో ఉన్నాయి. రష్యాకు వెళ్లే దారి ఇంకా లేదా అని అడిగింది. పసిపిల్లలకు బతికే హక్కు లేదా అంది. జోన్స్ సమాధానాలకు మళ్లీ ప్రశ్నలు వేసింది. అరుపూ లేదు, ఏడుపూ లేదు, సూటిగా తర్కం. ఆమెను ఆపింది జోన్స్ కాదు, చుట్టూ ఉన్న జనం. ఒక్కరంటే ఒక్కరు ఆమె వైపు మాట్లాడలేదు. ఆ రోజు 900 మందికి పైగా పోయారు. వాళ్లలో మూడొందల మంది దాకా పిల్లలు. విషం ముందు వాళ్లకే పట్టారు. దాన్ని 'సామూహిక ఆత్మహత్య' అని రాయడం నాకు ఎప్పుడూ సబబుగా అనిపించదు.

జోన్స్‌టౌన్ తర్వాత బ్రెయిన్‌వాషింగ్ మాట మళ్లీ ఊపందుకుంది. ఐలీన్ బార్కర్ అనే సామాజిక శాస్త్రవేత్త బ్రిటన్‌లో యూనిఫికేషన్ చర్చి అనే కొత్త మత సంస్థను ఏళ్ల తరబడి దగ్గరగా చూసి 1984లో లెక్క తేల్చింది. వాళ్ల శిబిరాలకు వెళ్లినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది చేరనే లేదు. చేరినవాళ్లలోనూ చాలామంది రెండేళ్లలోపే వదిలేశారు. చేరినవాళ్లు మందబుద్ధులు కారు. ఎక్కువమంది ఓ మాదిరి మంచి ఇళ్లలో పెరిగి, లోకానికి ఏదో చేయాలని తపించే కుర్రాళ్లు. బలహీన మనస్కులు అని ఒక జాతి ఉండదన్నమాట. బలహీనంగా ఉండే రోజులు ఉంటాయి. అవి ఎవరికైనా వస్తాయి.

ఇక టోక్యో రైళ్లలో విషం వదిలిన ఓమ్ షిన్రిక్యో అనే మత ముఠా కథకు వద్దాం. చాపలు నేసే పేద ఇంట్లో 1955లో పుట్టి, చూపు సరిగా లేక అంధుల బడిలో పెరిగిన మత్సుమోతో చిజువో, అనుమతి లేని మందులు అమ్మి 1982లో పోలీసులకు చిక్కాడు. రెండేళ్లు తిరక్కుండా టోక్యోలోని షిబుయాలో యోగా క్లాసు పెట్టాడు. 1985లో గాల్లోకి లేచిన ఫోటో ఒకటి పత్రికల్లో వేయించుకున్నాడు. 1986లో హిమాలయాలకు వచ్చి జ్ఞానోదయమైందన్నాడు. ఈలోగా పేరు అసహారా షోకో అయింది. 1987లో యోగా బృందం మతమైంది.

1988లో అసహారా పుస్తకాలు మొదట్లో చెప్పిన వాసెదా విద్యార్థి హిరోసె కెనిచి చేతిలో పడ్డాయి. హైస్కూలు రోజుల్లోనే, ఎలక్ట్రానిక్స్ దుకాణంలో నిన్నటి కొత్త వస్తువు ఇవాళ తగ్గింపు ధరకు పడిపోవడం చూసి, ఏ వస్తువు విలువైనా ఇంతేనా అని దిగులుపడ్డ మనిషి అతను. పుస్తకాలు చదివిన కొద్ది రోజులకు, రాత్రి నిద్రపోబోతుండగా వెన్ను అడుగున వేడి పుట్టి పైకి పాకింది. పుస్తకంలో కుండలిని గురించి రాసింది రాసినట్టే. ఇక్కడ అతని తర్కం నిద్రపోలేదు, పనిచేసింది. సిద్ధాంతం చెప్పినట్టే ఫలితం వచ్చింది, కాబట్టి సిద్ధాంతం నిజం. ఆ అనుభవానికి ఇంకే కారణమైనా ఉండొచ్చా అని పక్కనుంచి అడిగే మనిషి మాత్రం లేడు. సూపర్ కండక్టర్ల మీద పరిశోధన, చేతికందబోతున్న కంపెనీ ఉద్యోగం వదులుకుని 1989లో సన్యాసిగా చేరిపోయాడు.

ఆ మఠం లోపల అప్పటికే రక్తం పారింది. 1988లో కఠిన సాధన పేరుతో చన్నీళ్లలో ముంచిన ఒక అనుచరుడు చచ్చిపోతే గుట్టుగా కాల్చేశారు. అది చూసి వెళ్లిపోతానన్న మరొకణ్ణి 1989 ఫిబ్రవరిలో చంపారు. టిబెటన్ బౌద్ధంలో చనిపోయేవాడి చైతన్యాన్ని పై లోకానికి పంపే 'పోవా' అనే సాధన ఉంది. అసహారా నోట్లో దాని అర్థం మారింది: పాపం చేయబోయేవాణ్ణి ముందే చంపితే వాడికి మేలు చేసినట్టు. హత్య ముందు జరిగిపోతోంది, దానికి సరిపోయే వాదం వెనక తయారవుతోంది. ఆ వాదాలు అల్లింది తెలివైనవాళ్లే. తెలివి తక్కువవాడికి అంత నేర్పు ఎక్కడిది?

యోకొహామాకు చెందిన యువ న్యాయవాది సకమోతో త్సుత్సుమి ఈ ముఠాకు చాలా చిన్న పని పెట్టాడు. అసహారా రక్తం తాగే 'దీక్ష'కు పది లక్షల యెన్లు వసూలు చేసేవారు. ఆ రక్తంలోని విశేషాన్ని క్యోటో విశ్వవిద్యాలయం పరీక్షించి తేల్చిందని చెప్పుకునేవారు. పిల్లలు ఓమ్‌లో చేరిపోయిన తల్లిదండ్రుల తరఫున సకమోతో అడిగింది ఒక్కటే: ఆ పరీక్ష కాగితం చూపించండి. అలాంటి పరీక్షే జరగలేదు. 1989 నవంబర్ 4 తెల్లవారకముందే అతన్నీ, భార్యనూ, ఏడాది నిండిన కొడుకునూ వాళ్ల ఇంట్లోనే చంపి, శవాలను వేర్వేరు కొండల్లో పాతిపెట్టారు. ఇంట్లో ఓమ్ గుర్తున్న బ్యాడ్జి దొరికినా, మృతదేహాలు బయటపడింది 1995 సెప్టెంబర్‌లో.

1990 ఎన్నికల్లో అసహారా ముఖం తొడుగులు పెట్టుకుని వీధుల్లో ఆడిపాడిన 25 మంది అభ్యర్థులూ ఓడారు. అసహారాకు వచ్చినవి 1,783 ఓట్లు. బయటి లోకం వేసిన మార్కులవి. ఆ మార్కులు చూసి లెక్క సరిచూసుకోవాల్సింది పోయి, ఓట్లు దొంగిలించారని నమ్మి, ఆ ఏడాదే విషక్రిముల తయారీ మొదలుపెట్టారు. ఫుజి కొండ పాదాల దగ్గర కమికుయిషికి గ్రామంలో కట్టుకున్న షెడ్లకు సంస్కృతంలోంచి తెచ్చి 'సత్యం' అని పేరు, వరస నంబర్లు. ఏడో సత్యంలో థర్మకోల్ దేవుడి ముఖం వెనక సారిన్ కర్మాగారం. సన్యాసులకు ఒంటిపూట తిండి, నాలుగైదు గంటల నిద్ర, ఇంటివాళ్లతో మాటల్లేవు. గురువు మెదడు తరంగాలను ఎక్కించే వైర్ల టోపీ ఒకటి తలకు. అనుమానం వచ్చినవాళ్లకు గుండె వైద్యుడు హయాషి ఇకువో మత్తుమందూ కరెంటు షాకూ ఇచ్చి జ్ఞాపకాలు చెరిపేసే 'చికిత్స' చేసేవాడు. అనుమానం పక్కవాడికి చేరితే ప్రమాదమని వాళ్లకు బాగా తెలుసు.

బయటి లోకం మాత్రం ఏం వెలగబెట్టింది? 1994 జూన్ 27న మత్సుమోతో పట్టణంలో ఓమ్‌వాళ్లు ఇదే సారిన్ జల్లితే ఏడుగురు పోయారు. మొదట ఫోన్ చేసి సాయం అడిగిన కోనో యోషియుకి ఇంట్లో కొన్ని రసాయనాలు ఉన్నాయని పోలీసులూ పత్రికలూ అతన్నే పట్టుకున్నారు. పెరట్లో పురుగుమందులు కలిపితే సారిన్ తయారవదని చెప్పిన రసాయన శాస్త్రజ్ఞుల మాట తొమ్మిది నెలలు ఎవరికీ ఎక్కలేదు. అతని భార్య అదే విషానికి స్పృహ కోల్పోయి పద్నాలుగేళ్లు అలాగే ఉండి 2008లో పోయింది. గుంపు వెంట పరుగెత్తడానికి మఠంలో చేరనక్కర్లేదు.

అప్పుడు జపాన్ పోలీసులకు మట్టిలో సారిన్ ఆనవాళ్లు ఎలా పట్టాలో చెప్పినవాడు అమెరికాలోని కొలరాడోలో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త ఆంథొనీ తు. ఏళ్ల తర్వాత ఆయన టోక్యో జైలుకు వెళ్లి, ఉరిశిక్ష పడ్డ నకగావా తొమొమసాను పదేపదే కలిశాడు. నకగావా వైద్యుడు, సకమోతో ఇంట్లోకి వెళ్లినవాళ్లలో ఒకడు, బ్యాడ్జి పారేసుకున్నది అతనే. 2017లో మలేసియా విమానాశ్రయంలో ఉత్తర కొరియా పాలకుడి సవతి అన్న కిమ్ జోంగ్ నామ్ హత్య జరిగినప్పుడు, వార్తల్లో వచ్చిన లక్షణాలు చూసి అది వీఎక్స్ అనే విషం అయి ఉంటుందని జైల్లోంచి తుకు రాసింది అతనే. ఒకప్పుడు మనుషుల మీద అదే విషం వాడిన ముఠావాడు ఇప్పుడు దాని గురించే పరిశోధనా పత్రం రాయడానికి కూర్చున్నాడు. ఎదురుగా కూర్చుని అడిగేవాడు, తప్పయితే తప్పని చెప్పేవాడు దొరికాక అదే బుర్ర తిన్నగా పనిచేసింది. హిరోసె కూడా జైల్లోంచి విశ్వవిద్యాలయ విద్యార్థులకు చేత్తో పొడవాటి లేఖ రాశాడు, తాను ఎక్కడెక్కడ ఎలా నమ్మాడో వివరంగా.

ఓమ్ గురించి ఏళ్లపాటు రాసిన పాత్రికేయులు కొందరు, సకమోతో మొదలుపెట్టిన కుటుంబాల సంఘంవాళ్లు, గురువు సంగతి ఎలా ఉన్నా, ఉరిశిక్ష పడ్డ ఈ శిష్యులను ఉరితీయొద్దని అడిగారు. మనసులు ఎలా లొంగిపోయాయో లోపలినుంచి చెప్పగలిగినవాళ్లు ఆ శిష్యులేనని వాళ్ల వాదన. ఆ సంఘం అధ్యక్షుడి కొడుకు ఒకప్పుడు ఓమ్‌లో చేరి బయటికొచ్చినవాడు. ఆ తండ్రి మీద 1995 జనవరిలో వీఎక్స్ చల్లారు, చావు తప్పింది. అయినా అడిగాడు. నకగావా పరిశోధనా పత్రం 2018లో అచ్చయింది. అదే ఏడాది జూలై 6న అసహారాతో పాటు అతన్నీ, మరో ఐదుగురినీ ఉరితీశారు. జూలై 26న హిరోసెతో సహా మిగిలిన ఆరుగురినీ.