పదో సాల్ సంగతేంటి?

నేను ఉర్దూ మీడియం బడిలో చదివాను. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, తారీఖ్ అంటే చరిత్ర కూడా. చిన్నప్పుడు ఈ రెండూ కలిసిపోయి తికమక పెట్టేవి. లావు తగ్గించే ఆపరేషన్ల కథ చదివాక, ఒక్కోసారి ఆ రెండూ ఒకటేనని అర్థమైంది. ఏ తారీఖున లెక్క చూశారన్నదే ఈ ఇలాజ్ తారీఖ్.

ఈ మధ్య షాదీ దావత్‌కి వెళ్తే బిర్యానీ దగ్గర ఈ మాట రాకుండా ఉండదు. "భాయ్, నువ్వు పేపర్లో రాస్తావు కదా, ఆ ఆపరేషన్ చేయించుకుంటే షుగర్ జడ్ సే పోతుందట, నిజమేనా?" అడిగేవాళ్ళ ఫోన్లో రెండు ఫోటోలుంటాయి: ముందు, తర్వాత. ఎన్నాళ్ళ తర్వాతో మాత్రం ఎవరూ రాయరు.

ఒక పాత కిస్సా చెబుతాను. పదో సదీలో స్పెయిన్ ఉత్తరాన లియోన్ రాజ్యానికి సాంచో బాద్షా. మనిషి ఎంత లావంటే, 958లో సొంత అమీర్లే ఆయన్ని తఖ్తు నుంచి దించేశారు. ఆయన నానీ తోడా రాణి కుర్తుబా ఖలీఫా మూడో అబ్దుర్రహమాన్‌ని మదద్ అడిగింది. ఖలీఫా దర్బారులోని యూదు హకీం హస్దాయ్ ఇబ్న్ షప్రూత్ ఇలాజ్ చేశాడు. పెదాలు కుట్టేసి కషాయాలు మాత్రమే పట్టించాడని జనం చెప్పుకునేది కట్టుకథ కావచ్చు. సాంచో చిక్కిన మాట, 960లో తఖ్తు మళ్ళీ దక్కిన మాట మాత్రం తారీఖే. 966లో ఆయన ఇంతెకాల్ అయ్యాడు. పదో సాల్ లెక్క చూసే మౌకా రాలేదు.

కత్తితో చేసే ఇలాజ్ వెయ్యేళ్ళ తర్వాత అమెరికాలో మొదలైంది. 1954లో మిన్నెసోటాలో క్రెమెన్, లిన్నర్, వాళ్ళ సాథీలు ఒక పద్ధతి రాశారు. చిన్నపేగులో చాలా భాగాన్ని పక్కన పెట్టి, పై కొసను కింది కొసకు కలపడం. తిన్నది ఒంటికి పట్టదు. వజన్ బాగా దిగింది, అందరూ ఖుష్. ఏళ్ళు గడిచాక ఆగని విరేచనాలు, కిడ్నీలో రాళ్ళు బయటపడ్డాయి. కొందరికి జిగర్ ఖరాబై జాన్ పోయింది. చాలామందికి పేగును మళ్ళీ మామూలుగా కలపాల్సి వచ్చింది. 1980 నాటికి ఆ పద్ధతిని దాదాపు వదిలేశారు. మొదటి సాల్ మాత్రమే చూసి ఉంటే అది కామ్‌యాబ్ ఆపరేషనే!

అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ ఇంకో సంగతి గమనించాడు. అల్సర్‌కి కడుపులో కొంత భాగం తీసేసిన ఆడవాళ్ళు తర్వాత లావెక్కడం లేదు. 1966లో ఆయన గ్యాస్ట్రిక్ బైపాస్ చేశాడు. కడుపు పైభాగాన్ని చిన్న సంచీలా వేరు చేసి పేగుకు కలిపాడు. మరీజ్‌లను ఏళ్ళ తరబడి గమనించాలని పట్టుబట్టి, 1980లలో వాళ్ళ కోసం ఒక జాతీయ రిజిస్టర్ మొదలుపెట్టించాడు. 1995లో నార్త్ కరోలినా సర్జన్ వాల్టర్ పోరీస్ 608 మంది బైపాస్ మరీజ్‌ల లెక్క ఛాపించాడు. షుగర్ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి అది మామూలు స్థాయికి వచ్చింది, అదీ వజన్ పూర్తిగా దిగకముందే. దావత్‌లో వినే మాటకు అసలు ఇదే.

పూర్తి లెక్క స్వీడన్‌లో చూశారు. 1987లో మొదలైన అధ్యయనంలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు 2010 మంది, దాదాపు అంతే లావుండి మామూలు ఇలాజ్‌లో ఉన్నవాళ్ళు 2037 మంది. బైపాస్ వాళ్ళు మొదటి ఒకటి రెండేళ్ళలో సగటున 32 శాతం వజన్ తగ్గారు. పదో సాల్‌కి ఆ తగ్గుదల 25 శాతమైంది. అంటే వంద కిలోల మనిషి 32 కిలోలు దిగి, మళ్ళీ 7 ఎక్కినట్టు. ఆపరేషన్‌కి ముందు షుగర్ ఉన్నవాళ్ళలో రెండేళ్ళకు 72 శాతానికి అది వెనక్కి పోయింది, 15 ఏళ్ళకు మాత్రం 30 శాతానికే. కానీ ఆపరేషన్ లేనివాళ్ళలో ఆ లెక్క 16 శాతం, 6.5 శాతమే. 2020లో ఛాపైన హిసాబ్ ప్రకారం ఆపరేషన్ వాళ్ళు మిగతా గుంపు కంటే సగటున 3 ఏళ్ళు ఎక్కువ బతికారు, మామూలు జనం కంటే మాత్రం 5.5 ఏళ్ళు తక్కువ.

వీళ్ళలో ఎక్కువమందికి చేసింది ఇప్పుడు పెద్దగా చేయని పాత ఆపరేషన్. ఈ రోజుల్లో ఎక్కువగా చేసే స్లీవ్ అందులో లేనేలేదు. దాని ఉమర్ ఇంకా తక్కువ. స్లీవ్ అయ్యాక కొందరికి ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు పెరుగుతాయి. అమెరికాలోని యూటాలో 2007లో తేలిన ఇంకో సంగతి ఉంది. బైపాస్ వాళ్ళలో మొత్తం మరణాలు 40 శాతం తగ్గాయి, కానీ ప్రమాదాలు, ఖుద్‌కుషీ లాంటి మౌత్‌లు పెరిగాయి. ఒళ్ళు తగ్గినంత మాత్రాన దిల్ తేలికైపోదు.

ఈ తారీఖ్ నుంచి నేను తీసుకున్న సబక్ ఒకటే. కొంచెం వజన్ తిరిగి రావడం కసూర్ కాదు, సగటు లెక్కే అలా ఉంది. మన ఇళ్ళల్లో జేవర్ కుదువపెట్టైనా ఆపరేషన్ చేయిస్తాం. అయిదో ఏట ఆ కోడలో బిడ్డో కాస్త ఒళ్ళు చేస్తే "నోరు కట్టుకోలేదు" అని తానా కొడతాం. బీ12, ఐరన్, కాల్షియం గోలీలు ఉమర్ భర్ వేసుకోవాలని, సాలుకోసారి ఖూన్ పరీక్ష చేయించాలని మాత్రం ఎవరికీ గుర్తుండదు. రంజాన్‌లో ఆ చిన్న కడుపు ఇఫ్తార్‌కీ సెహరీకీ మధ్య సరిపడా నీళ్ళు పట్టుకోగలదా అని రోజా పెట్టకముందే డాక్టర్‌ని అడగాలి.

ఇలాజ్ కావలసినవాళ్ళు తప్పకుండా చేయించుకోండి, మూడేళ్ళ జిందగీ చిన్న విషయం కాదు. కానీ సర్జన్ ముందు కూర్చున్నప్పుడు ఒక సవాల్ అడగండి: "పదేళ్ళ కిందట ఇదే ఆపరేషన్ చేయించుకున్న మీ మరీజ్‌లు ఇప్పుడెలా ఉన్నారు?" ఆపరేషన్ పైసలతో పాటే పదో సాల్ పరీక్షల పైసలూ పక్కన పెట్టుకోండి.