కిమ్-1: ఇంజినీర్లకని చేస్తే ఇళ్లకు చేరింది

1975 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో వెస్కాన్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన జరిగింది. ఎంఓఎస్ టెక్నాలజీ అక్కడ 6502 మైక్రోప్రాసెసర్‌ను 25 డాలర్లకే అమ్మింది. ప్రదర్శనశాలలో అమ్మకాలు కుదరవన్నారు. దాంతో ఆ చిప్‌ను రూపొందించిన చక్ పెడల్ బృందం హోటల్ గదిలో దుకాణం తెరిచింది. ఇంటెల్, మోటరోలా చిప్‌లు వందల డాలర్లు పలుకుతున్న రోజులవి.

చౌకగా దొరికితే సరా? ఒట్టి చిప్ చేతికొస్తే దాని సత్తా ఇంజినీరుకు తెలియదు. మెమరీ, కీబోర్డు అన్నీ తనే అతికించుకోవాలి. తీరా పనిచేయకపోతే తప్పు చిప్‌దా, తను వేసిన టంకానిదా? ఈ తలనొప్పి తప్పించడానికే 6502తో పాటు అవన్నీ బిగించిన కిమ్-1 బోర్డును ఎంఓఎస్ 1976లో తెచ్చింది. ధర 245 డాలర్లు.

వాడకం సులువే. ఏడీ మీట నొక్కి 0200 చిరునామా కొట్టాలి, డీఏ నొక్కి ఏ9 లాంటి హెక్స్ కోడ్ ఎక్కించాలి, ప్లస్ నొక్కితే తరువాతి గడి వస్తుంది. చివర మళ్లీ 0200కు వచ్చి జీఓ నొక్కగానే ప్రోగ్రాం నడుస్తుంది. ఒక్కో ఆదేశం దగ్గర ఆపి చూసే స్విచ్చూ ఉంది. ఫలితం ఆరు ఎర్రటి అంకెల్లో కనిపిస్తుంది. మెమరీ దాదాపు ఒక్క కిలోబైటు. రాసింది దాచుకోవాలంటే పాటలు వినే క్యాసెట్ రికార్డరే దిక్కు.

తమాషా ఏమిటంటే, ఇంజినీర్ల కోసం చేసిన కిమ్-1ను ఎగబడి కొన్నది ఇళ్లలోని ఔత్సాహికులు!

ఇంటెల్ కూడా తన 8085 చిప్‌తో ఎస్‌డీకే-85 అనే ఇలాంటి బోర్డు తెచ్చింది. ఆ కోవకు చెందిన 8085 కిట్ల మీదే తెలుగునాట ఇంజినీరింగ్ విద్యార్థులు హెక్స్ కోడ్ కొట్టడం నేర్చుకున్నారు, వైవాలో తడబడ్డారు కూడా.