బండ్ల బారులో ఒక ప్రశ్న

సికింద్రాబాదు నుంచి ఉత్తర దిక్కుగా రెండు పెద్ద బాటలు బయలుదేరుతాయి. ఒకటి మేడ్చల్ మీదుగా తూప్రాన్ చేరి, నాగపూరు వైపు సాగిపోతుంది. రెండవది అల్వాల్, శామీర్‌పేటలను దాటి, ప్రజ్ఞాపూర్ మీదుగా కరీంనగరం చేరుతుంది. నేడు ఈ బాటల పొడుగునా గిడ్డంగులు, కర్మాగారాలు, లారీల బారులు. ఒకప్పుడు ఇవే బాటలపై రాత్రివేళ ఎడ్లబండ్ల బారులు నడిచేవి. తెలుగునాట తరాలు దాటి నిలిచిన ఒక అభ్యుదయ గీతం కథను ఆ బండ్ల బారు దగ్గరనే మొదలుపెట్టవలసి ఉన్నది. ఆ గీతం ‘బండెనక బండి కట్టి’.

మన ఇండ్లలో ఈ పాట విననివారు అరుదు. కాని దానిని కట్టినవారెవరని అడిగితే చాలామంది గద్దర్ పేరే చెబుతారు. అది సరి కాదు. గద్దర్ దానిని పాడి లోకానికి వినిపించారు. కట్టినవారు తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో పాలుపంచుకొన్న బండి యాదగిరి. ఆ ఇద్దరి మధ్య ఇంచుమించు 30 ఏండ్ల ఎడమున్నది. ఆ ఎడమును పాట ఎట్లా దాటినదో, ఆ ప్రయాణంలో దాని అర్థం ఎట్లా పెరిగినదో విచారించడమే ఇక్కడ మా ఉద్దేశం.

ముందుగా బండి మాట. పల్లె నుంచి పట్నానికి ధాన్యమో కట్టెలో తోలుకొనిపోయే రైతులు ఒంటరిగా బయలుదేరేవారు కారు. ముందు బండి వెనుకభాగానికి వెనుక బండి ఎడ్ల పలుపు కట్టి బారుగా సాగేవారు. ముందున్నవాడు మేలుకొని ఉంటే చాలు, వెనుకవారు కునుకు తీయవచ్చును. పాట పేరులో ఉన్నది ఈ దృశ్యమే. పల్లెవారికి దానిని ఎవరూ విడమరచి చెప్పనక్కర లేదు.

అయితే నైజాం కాలపు తెలంగాణలో బండికి మరొక అర్థం కూడ ఉండేది. అది వెట్టిబండి. అధికారి ఊరిలో మకాం వేస్తే సామాను చేరవేయడానికి, దొర గింజలు గడీకి తోలడానికి, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో లెవీ ధాన్యం తరలించడానికి రైతు తన బండిని, తన ఎడ్లను, తన దినాన్ని ఊరకే ఇవ్వవలసి వచ్చేది. తాను పండించిన గింజను తన ఇంటినుంచి తానే, తన బండిలోనే, కూలి లేకుండా పరుల గాదెకు చేర్చడం! బండ్ల బారు అంటే ఆనాటి రైతు కళ్లకు ఈ దృశ్యం కూడ కట్టి ఉండాలి.

నాటి హైదరాబాదు రాజ్యంలో భూములు మూడు తెగలు. సర్కారు పాలనలోనివి దివానీ, జాగీర్దార్ల చేతిలోనివి జాగీరు, నైజాం ప్రభువు సొంత ఖర్చులకు కేటాయించినవి సర్ఫేఖాస్. పట్నాన్ని చుట్టి ఉన్న అత్రాఫ్-ఇ-బల్దా జిల్లా ఈ మూడవ తెగకు చెందినది. మేడ్చల్ తాలూకా అందులోనిదే. ఇక్కడి రైతు కట్టిన శిస్తు ప్రభువు సొంత ఖజానాకు చేరేదన్నమాట. కనుక ప్రభువును నేరుగా పేరు పెట్టి నిలదీసే పాట ఈ ప్రాంతపు చెవులకు ఒకనాటికి చేరక మానదు.

అయినా పాట పుట్టినది ఈ దిక్కున కాదు. అది నల్లగొండ, వరంగల్లు వైపు రగిలిన పోరాటపు సంతానం. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల కాల్పులలో నేలకొరిగిన పిదప వెట్టిపై మొదలైన తిరుగుబాటు ఊరూరికీ పాకినది. చదువు అందని జనానికి కరపత్రం ఏమి చెబుతుంది? వారికి పాటే పత్రిక. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల వంటి జానపద రూపాలను చేపట్టి సంఘం మాటను ఊళ్లకు మోశారు. అట్లాంటి పాటగాండ్ల నడుమ బండి యాదగిరి కట్టిన పాట ఇది. ఆయన ఇంటిపేరే బండి కావడం చిత్రమైన పొంతన.

పాట కట్టుబడిని చూద్దాం. బండి వెనుక బండిగా పదహారు బండ్ల బారు సాగుతుంది. పదహారు మన జానపదులకు నిండు సంఖ్య. నైజాం రాజ్యంలోని జిల్లాలు కూడ 16 కావడం విశేషం. ఆ బారును చూపి పాటగాడు ప్రభువును ఒకే ప్రశ్న అడుగుతాడు: ఇందులో ఏ బండి ఎక్కి తప్పించుకొనిపోతావు? తర్వాత పాట ఊళ్ల పేర్లు చెబుతుంది. సూర్యాపేట, నల్లగొండ మొదలుకొని హైదరాబాదు, గోలకొండ వరకు వల దగ్గరికి లాగినట్లు ప్రభువు చుట్టూ బిగిస్తుంది. చివరకు గోలకొండ కిందనే సమాధి కడతామని బెదిరిస్తుంది.

ఇక్కడ మాకు తోచిన భావం ఒకటున్నది. ఇన్నాళ్లు బండి రైతు చేతి కష్టం, దొర చేతి హక్కు. ఈ పాటలో బండ్లు రైతువి, ప్రశ్న రైతుది. ఎక్కవలసినవాడు ప్రభువు, అదీ పారిపోవడానికి. వెట్టిబండి ఒక్క ప్రశ్నతో తలక్రిందులైనది. ప్రభువును పిలిచిన పిలుపు కూడ అట్లాంటిదే. ఏలినవారిని ‘కొడుకా’ అని పిలిచే గొంతు దండం పెట్టే గొంతు కాదు. పల్లెలో పెద్దవాడు చెడు నడత నడిచిన చిన్నవాణ్ణి మందలించే గొంతు. తరతరాల భయం పోయిన క్షణం ఆ ఒక్క పిలుపులో ఉన్నది.

మరి చరిత్ర ఆ ప్రశ్నకు ఏమి జవాబు చెప్పినది? 1948 సెప్టెంబరు 13న భారత సేనలు కదిలాయి. 17న నైజాం లొంగిపోయాడు. 1949లో సర్ఫేఖాస్ సర్కారులో కలిసినది, జాగీర్లు రద్దయినవి. కాని నైజాం ఏ బండీ ఎక్కలేదు. 1950 జనవరి 26 నుంచి 1956లో రాష్ట్రం విడిపోయేవరకు ఆయనే రాజప్రముఖుడు. 1967 ఫిబ్రవరి 24న పరమపదించగా, సమాధి గోలకొండ కింద గాక, కింగ్ కోఠీ ఎదుట జూదీ మసీదులో వెలసినది. ఇటు పల్లెలలో పోరాటం 1951 అక్టోబరు వరకు సాగి ఆగినది. ఎన్నో గడీలు అట్లాగే నిలిచినవి. పాట అడిగిన ప్రశ్న జవాబు లేకుండానే మిగిలినది. జవాబు దొరకని ప్రశ్నకు ఆయువు ఎక్కువ. ఈ పాట తిరిగి పలికిన రహస్యం అదేనని మేము భావిస్తున్నాము.

ఇప్పుడు మన రెండు బాటలకు తిరిగి వద్దాం. శామీర్‌పేట బాటమీది ప్రజ్ఞాపూర్‌లో పుట్టినవారు బి. నరసింగరావు. మేడ్చల్ బాటమీది తూప్రాన్‌లో పుట్టినవారు గుమ్మడి విఠల్‌రావు. 1970 దశకం తొలినాళ్లలో నరసింగరావు మిత్రులతో నడిపిన ‘ఆర్ట్ లవర్స్’ కళాబృందం ఈ ఇద్దరినీ కలిపినది. అది పిదప జననాట్యమండలిగా మారినది. 1913లో అమెరికాలోని భారతీయులు స్థాపించిన గదర్ పార్టీని తలపిస్తూ విఠల్‌రావుకు ‘గద్దర్’ అన్న పేరు స్థిరపడినది.

1979 నాటి ‘మా భూమి’ చిత్రానికి నరసింగరావు నిర్మాతలలో ఒకరు. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ. మూలకథ కృష్ణచందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. తూప్రాన్ దాటిన తర్వాత వచ్చే మంగళపర్తి గ్రామంలో చిత్రీకరణ జరిగినది. గద్దర్ భుజాన గొంగడితో తెరపై తానే కనిపించి యాదగిరి పాటను పాడారు. వాద్యాల ఆడంబరం లేదు. గొంతే ముందు. వెనుక వంత. సంఘం సభలో వినిపించిన తీరుకు అది దగ్గరగా ఉన్నందువల్లనే సినిమా పాటగా గాక ఊరి పాటగా జనం దానిని అందుకొన్నారు. పిదప ప్రత్యేక తెలంగాణ ఉద్యమ సభలలోనూ అదే పాట మారుమోగినది.

ఇక్కడ ఒక సంగతి మరువరాదు. ఈ పాటను మతంమీదనో భాషమీదనో కోపంగా వినడం పొరపాటు. దానిని మోసిన చిత్రానికి మూలం ఉర్దూ నవల. తెలంగాణ పోరాటాన్ని తన కవితలో ఎత్తిపట్టిన మఖ్దూం మొహియుద్దీన్ మెదక్ సీమలోని అందోలులో పుట్టిన ఉర్దూ కవి. నైజాం పాలనలోనే 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసినదని కూడ చరిత్ర చెబుతుంది. పాట న్యాయాధిపతి కాదు, సాక్షి. వెట్టి చేసిన చేతుల సాక్ష్యం అది. ఆ సాక్ష్యాన్ని తోసిపుచ్చకూడదు, దానితోనే తీర్పు ముగిసినదని అనుకోకూడదు.

పాట మొదట ఒక దొరపై పుట్టి, పిమ్మట నైజాంకు మారినదని చెప్పేవారున్నారు. అది మౌఖిక గేయానికి సహజమే. పిలుపులోని పేరు మారితే ప్రశ్న మారదు. ఫ్రెంచివారి జాతీయగీతం కథ కూడ ఇట్లాంటిదే. 1792 ఏప్రిల్‌లో స్ట్రాస్‌బర్గులో రూజే ద లీల్ అనే సైనికాధికారి రైను సేన కోసం దానిని రచించాడు. మార్సేయి నగరపు వాలంటీర్లు దానిని పాడుతూ పారిస్ ప్రవేశించారు. పాటకు రచయిత పేరు గాక, పాడినవారి ఊరి పేరే నిలిచినది. కట్టినవాడు వెనుక బండిలో, పాడినవాడు ముందు బండిలో. లోకం చూపు ఎప్పుడూ ముందు బండిమీదనే.

గద్దర్ 2023 ఆగస్టు 6న కన్నుమూశారు. అల్వాల్‌లో, తాను స్థాపించిన మహాబోధి విద్యాలయ ఆవరణలోనే ఆయన సమాధి ఉన్నది. తూప్రాన్‌లో మొదలైన బతుకు రెండు బాటలు చీలే చోటికి చేరువలోనే విశ్రమించినది. ఆయన కీర్తికి కొరత లేదు. యాదగిరి పేరు మాత్రం ఆయన పాటంత దూరం నడువలేదు.

ఇకమీదట మీ ఇంట రేడియోలో ఈ పాట పలికినప్పుడు, పక్కనున్న పిల్లలు ఇది ఎవరిదని అడిగితే, రెండు పేర్లూ చెప్పండి. వీలైతే వెట్టిబండి సంగతి కూడ చెప్పండి. ఆ బండిని ఎరిగిననాడే ఆ ప్రశ్న బరువు వారికి తెలుస్తుంది.