సముద్రాన్ని కొలిచే కోడ్‌లో ఒక బగ్

జాబ్ చేసే రోజుల్లో నేను రాసిన ఒక లెక్క కొన్ని నెలల పాటు తప్పు నంబర్ ఇచ్చింది. ఎర్రర్ రాలేదు, ఏదీ ఆగిపోలేదు, ఎవరికీ అనుమానం కూడా రాలేదు. నాకు తెలిసిన రోజు మాత్రం, చెప్పాలా వద్దా అని టీ కొట్టు దగ్గర అరగంట నిలబడ్డాను. ఇవాళ్టి కథ అలాంటి బగ్‌దే. కాకపోతే అది దొరికింది సముద్ర మట్టాన్ని కొలిచే లెక్కలో.

ముందు కొంచెం బ్యాక్‌గ్రౌండ్. ఒకప్పుడు సముద్ర మట్టం కొలవాలంటే రేవుల్లో పెట్టే టైడ్ గేజ్‌లే దిక్కు. అవి ఒడ్డున మాత్రమే ఉంటాయి, పైగా కింద నేల కుంగినా నీళ్లు పెరిగినట్టే చూపిస్తాయి. అందుకే పైనుంచి కొలుద్దామనుకున్నారు. 1978లో నాసా సీశాట్‌ను పంపింది. అద్భుతంగా పనిచేసింది కానీ, షార్ట్ సర్క్యూట్ అయ్యి దాదాపు 105 రోజులకే మూగబోయింది.

అసలు కథ 1992 ఆగస్టు 10న మొదలైంది. ఆ రోజు నాసా, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ కలిసి టోపెక్స్/పోసైడాన్‌ను ప్రయోగించాయి. ఎత్తు 1,336 కిలోమీటర్లు. సుమారు పది రోజులకోసారి మళ్లీ అదే దారిలో వచ్చేది.

పని చేసే పద్ధతి సింపుల్. కిందికి రాడార్ పల్స్ వదులుతుంది, అది నీటికి తగిలి తిరిగి రావడానికి పట్టిన టైమ్ చూస్తుంది. మొత్తం సుమారు 9 మిల్లీసెకన్లు. మరి అలల సంగతేంటి అంటారా? పల్స్ కొన్ని కిలోమీటర్ల వెడల్పున పడుతుంది, వేల పల్స్‌ల సగటు తీస్తారు కాబట్టి అలల ఎగుడుదిగుళ్లు సర్దుకుంటాయి. శాటిలైట్ తాను ఎక్కడుందో లేజర్లు, రేడియో సిగ్నళ్లతో విడిగా లెక్కగడతారు. రెండింటి తేడాయే సముద్రం ఎత్తు.

చిక్కంతా గడియారంతో. ఎత్తులో ఒక్క సెంటీమీటర్ తేడా అంటే, టైమ్‌లో సెకనులో 1,500 కోట్లవ వంతు! ఆ గడియారాన్ని నడిపే ఆసిలేటర్ కాలం గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా మారుతుంది. దాన్ని సరిచేసే పని సాఫ్ట్‌వేర్‌ది.

1995లో వచ్చిన లెక్క ప్రకారం సముద్రం ఏడాదికి దాదాపు 4 మిల్లీమీటర్లు పెరుగుతోంది. పెద్ద వార్తే. కానీ శాటిలైట్ మాటను గుడ్డిగా నమ్మలేదు. కాలిఫోర్నియా తీరానికి కొంత దూరంలో, శాటిలైట్ దారి కిందే ఉన్న హార్వెస్ట్ అనే చమురు ప్లాట్‌ఫామ్ మీద నీటి ఎత్తును నేరుగా కొలిచి పోల్చారు. పది సెంటీమీటర్లకు పైగా తేడా! ప్రపంచంలోని టైడ్ గేజ్‌లతో పోల్చి చూస్తే అక్కడా కుదరలేదు.

1996లో దొంగ దొరికాడు. గడియారాన్ని సరిచేయాల్సిన ఆ సాఫ్ట్‌వేర్‌లోనే తప్పుంది. తేడా ఎప్పుడూ ఒకేలా ఉంటే తీసేస్తే సరిపోయేది. ఇది మెల్లగా మారుతూ వచ్చింది. దాంతో గడియారం తప్పు కాస్తా సముద్రం పెరుగుదలలా కనబడింది. సరిచేశాక 1997లో వచ్చిన నంబర్ ఏడాదికి సుమారు 2 మిల్లీమీటర్లు.

ఒక్కసారి వాళ్ల స్థానంలో ఉండి ఆలోచించండి. లోకమంతా భూతాపం గురించి గొడవపడుతున్న టైమ్. మీ నంబర్‌ను మీరే సగానికి తగ్గించాలి. "చూశారా, అంతా అబద్ధం" అనేవాళ్లు రెడీగా ఉంటారు. అయినా చెప్పేశారు.

ఆ తర్వాత జేసన్ శాటిలైట్లు, 2020లో సెంటినెల్-6 వచ్చాయి. 2013లో మన శ్రీహరికోట నుంచి ఫ్రాన్స్‌తో కలిసి ఇస్రో పంపిన సరళ్ కూడా ఇదే పని చేసింది. 1993 నుంచి చూస్తే ఇప్పటికి సముద్రం సుమారు 10 సెంటీమీటర్లు పెరిగింది, పెరిగే వేగమూ పెరుగుతోంది. ఈ నంబర్‌ను నేను నమ్మడానికి కారణం శాటిలైట్ గొప్పతనం ఒక్కటే కాదు. ఈ రోజుకీ దాన్ని కింద ఉన్న గేజ్‌లతో పోల్చి తప్పులు వెతుకుతూనే ఉన్నారు.

అన్నట్టు, ఆ రోజు టీ తాగి వెళ్లి నేనూ చెప్పేశాను. తిట్లు పడ్డాయి, లెక్క మాత్రం సరైంది. మళ్లీ కలుద్దాం.