టవర్ మీది పాతకాపులు

ఉప్పల్ కూడలిలో మెట్రో దిగి నాచారం వైపు ఆటో ఎక్కితే, జేబులోని ఫోను దారిలో మనకు తెలియకుండానే ఒక బ్యాండు నుంచి ఇంకో బ్యాండుకు మారుతూ పోతుంది. 700, 800, 900, 1800, 2100, 2300, 3300 మెగాహెర్ట్జ్: ఇవన్నీ మన మొబైల్ కంపెనీల చేతిలో ఉన్న బ్యాండ్లు. ఏదీ ఫోను కోసమే పుట్టింది కాదు. ఎవరో ఒకరు ఖాళీ చేస్తే ఫోను వచ్చి చేరింది.

మనకు మొదట అందింది 900. యూరప్ దేశాలు ఉమ్మడి ఫోను పద్ధతి కోసం 1982లో కమిటీ వేసుకుని, 1987లో ఈ బ్యాండును దానికి కేటాయించాయి. 1991 జులై 1న ఫిన్లాండ్‌లో తొలి జీఎస్ఎం కాల్ మోగింది. మన దేశం ఆ పద్ధతినే తీసుకుంది. 1995 జులై 31న కలకత్తా నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో తొలి సెల్ కాల్ మాట్లాడారు. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో జేటీ మొబైల్స్, టాటా సెల్యులార్ కంపెనీలు వచ్చాయి. ఫోను మోగితే ఎత్తాలా వద్దా అని ఆలోచించిన కాలం అది, ఇన్‌కమింగ్‌కూ డబ్బులు పడేవి. తర్వాత 1800 వచ్చింది. అందులో మన రక్షణ దళాలు ఉండేవి, వాళ్లు కొంత వదులుకుంటేనే ఫోన్లకు చోటు దొరికింది.

అమెరికా దారి వేరు. 1983లో షికాగోలో మొదలైన వాళ్ల సెల్యులార్ 800 ప్రాంతంలో నడిచింది. యూరప్ ఫోన్లకు ఇచ్చిన 900లో అక్కడ అప్పటికే వేరే వాడకాలు స్థిరపడ్డాయి. అందుకే జీఎస్ఎం అక్కడికి చేరినప్పుడు 1900లో కూర్చోవాల్సి వచ్చింది. తరంగాల పంపకం కోసం ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ప్రపంచాన్ని మూడు మండలాలుగా విడగొట్టింది. యూరప్, ఆఫ్రికా ఒకటి, అమెరికాలు ఒకటి, మనం ఉన్న ఆసియా–పసిఫిక్ ఒకటి. ఈ విభజన భారం మోసిన వాళ్లలో మన సాఫ్ట్‌వేర్ పిల్లలూ ఉన్నారు. వైటూకే రోజుల్లో హైదరాబాద్‌లో కొన్న 900/1800 ఫోను డాలస్‌లో దిగగానే మూగబోయేది. 1900 కూడా పట్టే ట్రైబ్యాండ్ ఫోను ఉంటేనే అమ్మానాన్నలకు ‘దిగాను’ అని చెప్పగలిగేవారు.

జీఎస్ఎం కాక సీడీఎంఏ అనే ఇంకో ఫోను పద్ధతీ ఉండేది. 800 బ్యాండులో ఆ సేవను దేశంలో మొదట ఇచ్చింది టాటా టెలీసర్వీసెస్, అదీ మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే. 2002 డిసెంబరు 28న రిలయన్స్ దిగింది. మరుసటి ఏడాది 501 రూపాయలకే ఫోను చేతిలో పెట్టి, సెల్‌ఫోను డబ్బున్నవాళ్ల వస్తువన్న మాటను చెరిపేసింది. సీడీఎంఏ పోయింది, బ్యాండు ఉండిపోయింది. ఆ తరంగాల మీదే ఇప్పుడు జియో 4జీ నడుస్తోంది.

ఇంతకీ ఈ తరంగాలు ఎవరివి? జవాబు క్రికెట్ తగాదాలోంచి వచ్చింది. హీరో కప్ ప్రసార హక్కుల కేసులో 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు, తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆ ధర్మాసనంలో మన తెలుగు న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు, ఆయన విడిగా తీర్పు రాశారు. 2012లో 122 టెలికాం లైసెన్సులు రద్దు చేసినప్పుడు కోర్టు నిలబడింది కూడా ప్రజల ఆస్తి అన్న ఈ పునాది మీదే. 2010 నాటి 3జీ వేలం 67,719 కోట్లు తెస్తే, 2022 నాటి 5జీ వేలం 1,50,173 కోట్లు తెచ్చింది. ఆ డబ్బు చివరికి మన రీఛార్జిలోంచి పోవాల్సిందే కాబట్టి, వేలం పెద్దదైతే చాలు ప్రజలకు మేలే అని నేను ఒప్పుకోను.

ఏ బ్యాండు దేనికన్నది ఉప్పల్ స్టేడియంలో బాగా తెలుస్తుంది. మ్యాచ్ రోజున వేలాది ఫోన్లు ఒకే చోట చేరితే, సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా ఫొటో కదలదు. అక్కడ కావలసింది దూరం కాదు, వెడల్పు. 3300లో తరంగం పొడవు 9 సెంటీమీటర్లే, గోడ అడ్డొస్తే నీరసిస్తుంది. కానీ ఆ బ్యాండులో ఖాళీ ఎక్కువ కాబట్టి ఒకేసారి బోలెడంత డేటా మోస్తుంది. 2022 అక్టోబరులో హైదరాబాద్‌కు 5జీ వచ్చింది ప్రధానంగా ఈ బ్యాండు మీదే. నాచారం పారిశ్రామికవాడ షెడ్లలోకి దూరాలంటే 43 సెంటీమీటర్ల తరంగమున్న 700 నయం. ఈ 700 చాలా దేశాల్లో ఒకప్పుడు టీవీలది. అమెరికా తన టీవీలను డిజిటల్‌కు మళ్లిస్తూ 2008లోనే దాన్ని వేలం వేసింది. ఇక్కడ 2016లో, 2021లో ధర చూసి ఒక్కరూ ముట్టుకోలేదు. 2022లో జియో ఒక్కటే కొంది.

అదే 700లో 5 మెగాహెర్ట్జ్‌ను 2021 జూన్‌లో కేంద్రం వేలం లేకుండా రైల్వేకు ఇచ్చింది. రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ కూడా దాని మీదికి రావాలన్నది ఉద్దేశం. మొదట కవచ్ తయారుచేసిన మూడు కంపెనీలూ హైదరాబాద్‌వే. వాటిలో మేధా సర్వో డ్రైవ్స్ ఉన్నది నాచారంలో. 2022 మార్చి 4న వికారాబాద్ వైపు గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య జరిపిన పరీక్షలో రైల్వే మంత్రి ఎక్కిన ఇంజన్, ఎదురుగా ఉన్న ఇంజన్‌కు 380 మీటర్ల దూరంలో తనంతట తాను ఆగింది. అప్పటికి ఇంజన్లు, స్టేషన్లు మాట్లాడుకున్నది మామూలు యూహెచ్ఎఫ్ రేడియోలోనే.