ఆన్‌లైన్ నెట్‌వర్క్ మార్కెటింగ్

దుకాణం పెట్టకుండా సభ్యుల చేత సరుకు అమ్మించి, ఆ అమ్మకాల మీద అంచెలంచెలుగా కమీషన్ పంచే వ్యాపారాన్ని నెట్‌వర్క్ మార్కెటింగ్ అంటారు. సభ్యుల్ని చేర్చుకోవడం, సరుకు చూపించడం, ఆర్డర్లు తీసుకోవడం ఇంటర్నెట్‌లో సాగితే అది ఆన్‌లైన్ నెట్‌వర్క్ మార్కెటింగ్. చట్టం దీన్ని డైరెక్ట్ సెల్లింగ్ అంటుంది. తెలుగు పత్రికల్లో గొలుసుకట్టు వ్యాపారం అన్న మాట ఎక్కువగా కనిపిస్తుంది. ఆ మాటలో అనుమానం ధ్వనిస్తుంది. అది ఊరికే పుట్టింది కాదు.

ఈ పద్ధతి అమెరికాలో 1940లలో, న్యూట్రిలైట్ పోషకాహార మాత్రల అమ్మకంతో రూపుకట్టింది. ఆ మాత్రలు అమ్ముతూ పైకొచ్చిన రిచ్ డివోస్, జే వాన్ ఆండెల్ 1959లో మిషిగన్ రాష్ట్రంలో ఆమ్‌వే స్థాపించారు. అది కొత్తవాళ్ల చేరికల డబ్బు మీదే నడిచే పిరమిడ్ పథకమేనని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించి, 1979లో కాదని తేల్చింది. కొన్న సరుకులో కనీసం 70 శాతం అమ్మాలి, నెలకు పది మంది బయటివాళ్లకు అమ్మాలి, మిగిలిన సరుకు వెనక్కి తీసుకోవాలి అన్న కంపెనీ నియమాలే దాన్ని కాపాడాయి. ఆదాయాల గురించి గొప్పలు చెప్పడం మోసపూరితమని కూడా అదే తీర్పు అంది. చేర్పించే మీటింగుల్లో ఈ రెండో సగం సాధారణంగా వినిపించదు.

ఈ వ్యాపారంలో అసలు చిక్కు లెక్కల్లో ఉంది. ఒక్కొక్కరు ఆరుగుర్ని చేర్చాలనుకుందాం. పదో అంచెలో 6,04,66,176 మంది కావాలి. పదకొండో అంచెకు 36 కోట్లు దాటాలి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం జనాభా సుమారు 8.46 కోట్లు. పైగా గొలుసు ఎక్కడ ఆగినా, సభ్యుల్లో నూటికి 83 మంది చివరి అంచెలోనే ఉంటారు. వాళ్ల కింద ఎవరూ ఉండరు. లెఫ్ట్, రైట్ అని ఇద్దరిద్దర్ని మాత్రమే చేర్చే బైనరీ ప్లాన్‌లో కూడా సగం మందిది ఇదే పరిస్థితి. కాబట్టి చేరికల మీద వచ్చే డబ్బు కింది అంచెవాళ్ల జేబులోంచే రావాలి. బయటివాళ్లు సరుకు కొంటేనే అది వ్యాపారం.

ఇంటర్నెట్ ఈ లెక్కను మార్చలేదు, గొలుసు వేగాన్ని మార్చింది. ఒకప్పుడు బంధువుల ఇళ్లకు, హోటల్ హాళ్లకు తిరిగితేగానీ సాగని పని ఇప్పుడు రిఫరల్ లింకు, వాట్సాప్ స్టేటస్, రాత్రి తొమ్మిదికి జూమ్ మీటింగ్‌తో సాగిపోతుంది. సరుకు కూడా పలచబడింది: సబ్బు, మాత్రల చోట కోర్సులు, ప్యాకేజీలు వచ్చాయి. చేతికి తగలని సరుకుకు ధర ఎంతైనా చెప్పవచ్చు. కంప్యూటర్ కోర్సుల ప్యాకేజీల పేరుతో సభ్యుల్ని చేర్చిన ఈబిజ్ సంస్థ ఎండీని సైబరాబాద్ పోలీసులు 2019లో అరెస్టు చేశారు.

అంతకు ముందే హైదరాబాద్ ఈ విషయంలో దేశానికి ఒక తీర్పు ఇచ్చింది. సభ్యుల్ని చేర్చితే సులువుగా, త్వరగా డబ్బొస్తుందని ఆశపెట్టే పథకాలను 1978 నాటి ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం నేరంగా చూస్తుంది. ఆమ్‌వే పథకం ప్రాథమికంగా ఆ చట్టం పరిధిలోకే వస్తుందని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లో పేర్కొంది. తర్వాత, 2021 డిసెంబరులో కేంద్రం వినియోగదారుల రక్షణ (డైరెక్ట్ సెల్లింగ్) నిబంధనలు తెచ్చింది. పిరమిడ్ పథకాలను నిషేధించింది. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు 2020 ఈ-కామర్స్ నిబంధనలు కూడా పాటించాలంది.

ఈ పరిధిలో నిలదొక్కుకునే అమ్మకందారు చేసే పని కిరాణా కొట్టు యజమాని పనికి దగ్గరగా ఉంటుంది. తను వాడి చూసిన నాలుగైదు వస్తువులే ఎంచుకుంటారు, వాడకాన్ని చిన్న వీడియోలో చూపిస్తారు, బజారు ధరతో పోల్చి చెబుతారు, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారు. కొన్నవాళ్లలో ఎందరు రెండోసారి ఆర్డర్ పెట్టారన్నదే వాళ్లకు అసలైన కొలమానం. స్టేటస్‌లో కారు ఫొటో పెట్టడం సులువు. సరుకు ఖర్చు, డేటా, ప్రయాణాలు, సెమినార్ టికెట్లు పోగా మిగిలింది ఎంతో చెప్పడం కష్టం. కంపెనీ పెట్టిన కోటా పూర్తిచేసి గొలుసులో హోదా నిలబెట్టుకోవడానికి తామే కొని ఇంట్లో పేర్చుకున్న డబ్బాలు కాగితం మీద అమ్మకాలుగానే కనబడతాయి.

ఆ డబ్బాల లొసుగును పట్టుకునేందుకే అమెరికాలో 2016లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు, హెర్బాలైఫ్ అనే నెట్‌వర్క్ మార్కెటింగ్ కంపెనీకి మధ్య కుదిరిన ఒప్పందం ఒక షరతు పెట్టింది. కంపెనీ 20 కోట్ల డాలర్లు చెల్లించడంతో పాటు, అక్కడి సభ్యులకిచ్చే ప్రతిఫలంలో కనీసం మూడింట రెండు వంతులను నిజంగా జరిగాయని రుజువైన రిటైల్ అమ్మకాలకు ముడిపెట్టాల్సి వచ్చింది.